తెలుగు సైటుకు తగిన టెంప్లేట్ ఏది? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో సొంత బ్లాగు, సొంత వెబ్‌సైటు పెట్టుకోదలచినవారి ప్రశ్నలే ఎక్కువగా ఉన్నాయి. పేజీల రూపురేఖలను ముందే సిద్ధంచేసి ఇచ్చే టెంప్లేట్లు వందలుగా కళ్ళముందు కనబడుతుంటే దేనిని తీసుకోవాలో తెలియక దాదాపు అందరూ అక్కడే ఆగిపోయారు. ఒకరి అవసరం మరొకరికి ఉండదు కాబట్టి, ఐదు ఉత్తరాలను తీసుకుని ఒక్కొక్కదానికి విడిగా సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. శతక పద్యాలను తాత్పర్యంతో సహా గూగుల్ వారి ఉచిత బ్లాగు సేవ అయిన బ్లాగర్‌లో పెడదామని ఒక ఉచిత టెంప్లేట్ ఎంచుకున్నాను. డెమోలో (నమూనా పేజీలో) ఎంతో ముచ్చటగా ఉన్న ఆ టెంప్లేట్‌లో నా పద్యాలు పెట్టగానే శీర్షికలలో వత్తులు తెగిపోయాయి, పద్యపాదాలు ఎక్కడపడితే అక్కడ విరిగిపోయాయి. లోపం నా టైపింగులో ఉందా, టెంప్లేట్‌లో ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, లోపం మీ టైపింగులో లేదు. ఆ టెంప్లేట్‌ను తయారుచేసినవారు అందులో తెలుగు వాక్యం ఒక్కటైనా వేసి చూసి ఉండరు. ఆంగ్ల అక్షరాలు చాలావరకు ఒకే వరుసలో ఒదిగిపోతాయి. పైకీ కిందికీ పొడుచుకు వచ్చేవి కొద్దిగానే ఉంటాయి. మన లిపి అలాంటిది కాదు. గుడి, ఏత్వం తలమీద కూర్చుంటాయి, వత్తులు అడుగున వేలాడతాయి, ‘రాష్ట్రం’ వంటి మాటలో ఒకే హల్లుకు రెండు వత్తులు చేరతాయి. ఆంగ్లానికి సరిపోయేలా వరుసల మధ్య ఎడం తగ్గించి, శీర్షికను ఒక కొలిచిన పెట్టెలో బిగించి, ఆ పెట్టె దాటినదంతా కనిపించకుండా చేసిన టెంప్లేట్‌లో ‘రాష్ట్రం’ అని రాస్తే అడుగునున్న వత్తులు సగానికి తెగి, చదివేవారికి అదేదో అచ్చుతప్పులా కనిపిస్తుంది. కనుక తెలుగు రాసేవారు టెంప్లేట్‌లో మొట్టమొదట చూడవలసింది రంగులనో బొమ్మలనో కాదు, వరుసల మధ్య ఎడాన్ని. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గితే తెలుగు ఊపిరాడనట్లు ఉంటుంది. పేజీలో సాగే వ్యాసానికి 1.7 లేదా 1.8 రెట్లు ఉంటే కంటికి హాయిగా ఉంటుందని నా అనుభవం. బ్లాగర్‌లో థీమ్ (టెంప్లేట్‌కే మరో పేరు) పేజీలోని ‘అనుకూలీకరణ’లోకి వెళ్ళి, అక్కడ సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడు) చేర్చే చోట ఈ కొలతను మార్చుకోవచ్చు. అయితే శీర్షికల పెట్టెల ఎత్తును బిగించిన టెంప్లేట్లలో ఈ ఒక్క మార్పుతో పని పూర్తికాదు; వాటిని వదిలేయడమే మంచిది.

రెండవది ఫాంటు. డెమోలో మీకు నచ్చిన ఆ సొగసైన అక్షరాలు బహుశా పాపిన్స్, లాటో వంటి ఫాంట్లవి. వాటిలో తెలుగు అక్షరాలే లేవు. అందువల్ల మీ పేజీ తెరిచిన ప్రతి పరికరమూ తనలో ఉన్న తెలుగు ఫాంటును తెచ్చి అతికిస్తుంది: ఆండ్రాయిడ్ ఫోనులో సాధారణంగా నోటో, విండోస్ కంప్యూటరులో నిర్మల, ఐఫోనులో కోహినూర్. మీ కంప్యూటరులో చక్కగా ఒదిగిన శీర్షిక మీ శిష్యుడి ఫోనులో మూడు వరుసలు కావడానికి కారణం ఇదే. తెలుగు ఫాంటును మీరే ఎంచుకుని పెట్టుకోగలిగిన టెంప్లేట్ అయితే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది.

ఇక పద్యం సంగతి. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పద్యాలు పెట్టే చాలామంది ఇక్కడే నిరుత్సాహపడి మానేస్తున్నారు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19. మామూలు ఫోను తెరమీద, చదవదగిన పరిమాణంలో, ఒక వరుసకు పట్టే తెలుగు అక్షరాలు కూడా కాస్త అటూ ఇటూగా అంతే. అంటే మీ పాదం సరిగ్గా అంచుమీద ఉంటుంది. టెంప్లేట్ అటు ఇటు వెడల్పాటి అంచులు వదిలితే పాదంలోని చివరి రెండు మూడు అక్షరాలు కింది వరుసలోకి జారిపడతాయి. అప్పుడు నాలుగు పాదాల పద్యం ఎనిమిది వరుసలై, పాదం మొదట రెండవ స్థానంలో నిలువుగా కనిపించవలసిన ప్రాసాక్షరం గజిబిజిలో కలిసిపోతుంది. పద్యం చూడగానే ప్రాస కంటికి ఆనాలి. ఛందస్సు తెలిసిన పాఠకుడు ముందు వెతికేది దానినే. కనుక ఫోనులో అంచులు తక్కువగా ఉండే టెంప్లేట్‌ను తీసుకోండి, పద్యానికి మాత్రం అక్షర పరిమాణం ఒక మెట్టు తగ్గించండి, సీసపద్యమైతే అచ్చు పుస్తకాలలో వేసినట్లుగా ప్రతి పాదాన్నీ మీరే రెండుగా విరిచి రాయండి.

పద్యాన్ని ప్రత్యేకంగా చూపించాలని చాలామంది ఉల్లేఖన గుర్తున్న మీటను నొక్కి అందులో పెడతారు. దాదాపు ప్రతి టెంప్లేట్‌కూ ఉల్లేఖనకు తనదైన అలంకారం ఒకటి ఉంటుంది: పక్కన పెద్ద కొటేషన్ గుర్తు, లేత బూడిద రంగు అక్షరాలు, వాటిని పక్కకు వాల్చడం. మన అచ్చు సంప్రదాయంలో అక్షరాన్ని వాల్చి రాసే అలవాటు లేదు. వాలు రూపం లేని ఫాంటును బ్రౌజరు బలవంతంగా వంచినప్పుడు వత్తులు ఒక పక్కకు, తలకట్టు మరో పక్కకు ఒరిగినట్లు కనిపిస్తుంది. ఈ మీట నొక్కితే ఏమి జరుగుతుందో టెంప్లేట్ ఖాయం చేసుకునే ముందే చూడండి.

పరీక్షకు ఒక సులువైన మార్గం ఉంది. అదే గూగుల్ ఖాతాలో మరో బ్లాగును ఉచితంగా తెరిచి, సెట్టింగులలో దానిని శోధన యంత్రాలకు కనిపించకుండా పెట్టి, మీ దగ్గరున్న వాటిలో అతి పొడవైన శీర్షికను, ఒక చంపకమాలను, ఒక సీసాన్ని, ఒక నిడుపాటి తాత్పర్యాన్ని అందులో ఉంచండి. మీకు నచ్చిన టెంప్లేట్లను ఒకటొకటిగా దానికి తొడిగి మీ ఫోనులోనూ, ఇంట్లో మరొకరి ఫోనులోనూ చూడండి. అరగంట పని. బయటి టెంప్లేట్లకు బదులు బ్లాగర్ వారే 2017లో తెచ్చిన కాంటెంపో, సోహో, ఎంపోరియో, నోటబుల్ అనే నాలుగింటితో మొదలుపెట్టమని నా సలహా. ఇవి తెర వెడల్పును బట్టి వాటంతటవే సర్దుకుంటాయి. సోహో, ఎంపోరియో ఫొటోలు ఎక్కువగా పెట్టేవారికి తగినవి. మీ వంటి అక్షరప్రధానమైన బ్లాగుకు నోటబుల్ బాగుంటుంది. ఒకవేళ బయటి టెంప్లేట్‌నే వాడదలిస్తే, మొబైల్ సెట్టింగులలో ‘డెస్క్‌టాప్’ అన్నదాన్ని ఎంచుకోవడం మరవకండి. లేకపోతే ఫోనులో మీరు ఎంచుకున్న టెంప్లేట్‌కు బదులు బ్లాగర్ వారి పాత మొబైల్ రూపం కనిపించి, తప్పు ఎక్కడుందో తెలియక మీరు రోజంతా వెతుక్కోవలసి వస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో పూతరేకులు చుట్టి, ఫోను మీద ఆర్డర్లు తీసుకుని ఊళ్ళకు పంపుతుంటాము. సైటు పెట్టుకుందామని అడిగితే, తయారుచేసే అబ్బాయి మొదటి పేజీలో వీడియో, దాని కింద కదిలే ఫొటోలు ఉన్న టెంప్లేట్ చూపించాడు. ఖరీదైనదే, చూడటానికి చాలా బాగుంది. తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, ఆత్రేయపురం

జవాబు: తీసుకోవద్దమ్మా. మీ సైటుకు ఎవరు, ఎలా వస్తారో ఒకసారి ఊహించుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి, బస్సులోనో బజారులోనో నిలబడి, ఫోనులో తెరుస్తారు. వారికి తెలియవలసినవి నాలుగే: మీరు ఏ రకాలు చేస్తారు, పెట్టెకు ఎన్ని వస్తాయి, ధర ఎంత, ఎవరికి ఫోను చేయాలి. ఈ నాలుగూ వేలితో తెరను జరపకుండానే కనిపించే టెంప్లేట్ మీకు మంచి టెంప్లేట్. మొదటి తెర మొత్తాన్ని వీడియో ఆక్రమించుకుంటే ఇవన్నీ కిందికి పోతాయి. నాలుగు ఫొటోలు కదిలే స్లైడర్‌లో రెండవ ఫొటో వచ్చేదాకా ఆగేవారు అరుదు, కానీ సాధారణంగా ఆ నాలుగు ఫొటోల బరువునూ ఫోను మోయవలసిందే.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక మిఠాయి దుకాణానికి నేనే సైటు చేసిపెట్టాను. నేతి జాంగ్రీలు తీస్తున్న వీడియోతో పేజీ తెరుచుకునే టెంప్లేట్ అది. ఆఫీసు వైఫైలో కంప్యూటరు మీద చూసినప్పుడు అందరమూ మురిసిపోయాము. దుకాణం యజమాని వాళ్ళ నాన్నగారు పొలం గట్టు మీద నిలబడి తన ఫోనులో తెరిస్తే చాలాసేపు తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. ఆయన ఫోను నా ముందు పెట్టి, ‘ఇందులో ధర ఎక్కడుందయ్యా?’ అని అడిగారు. మరుసటి వారమే ఆ టెంప్లేట్ తీసేసి, ఒక ఫొటో, ధరల పట్టిక, ఫోను నెంబరు మాత్రమే ఉన్న మామూలు పేజీ పెట్టాను.

వేగాన్ని ఎవరి మాట మీదా నమ్మవలసిన పని లేదు. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పరీక్ష ఉంది. ఆ అబ్బాయి చూపించిన డెమో పేజీ చిరునామాను అందులో వేయించి, మొబైల్‌కు సంబంధించిన ఫలితాన్ని చూడండి. కంప్యూటరు ఫలితం ఎప్పుడూ మెరుగ్గానే కనిపిస్తుంది, అది మీకు పనికిరాదు. పేజీలోని ముఖ్యమైన పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. అదే పరీక్షలో, పేజీ తెరుచుకునేటప్పుడు అందులోని భాగాలు ఎంతగా కిందికి పైకి జరుగుతున్నాయో కూడా చెబుతారు. ఆ అంకె 0.1 దాటకూడదు. ఇది చిన్న విషయం కాదు. ఫోను బటను నొక్కబోతున్న క్షణంలో పైన ఫొటో ఒకటి వచ్చిపడి బటను కిందికి జరిగితే, కొనేవారి వేలు మరెక్కడో పడుతుంది.

మీ సరుకుకే చెందిన సంగతి ఒకటి ఉంది. పూతరేకు తెల్లగా, పొరలు పొరలుగా, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. ఇప్పటి టెంప్లేట్లలో ఎక్కువ వాటికి నేపథ్యం తెలుపు. తెలుపు మీద తెలుపు పెడితే మీ పనితనమంతా కనిపించకుండా పోతుంది. పేజీ నేపథ్యాన్ని లేత పసుపుకో లేత ఆకుపచ్చకో మార్చుకునే వీలున్న టెంప్లేట్ చూడండి, లేదా పూతరేకులను అరటి ఆకు మీద పెట్టి ఫొటో తీయండి. డెమోలో కనిపించే ఫొటోలు స్టూడియోలో దీపాలు పెట్టి తీసినవని గుర్తుంచుకోండి. వాటిని మనసులో చెరిపేసి, ఆ స్థానంలో మీ ఫోనుతో తీసిన ఫొటోలను ఊహించుకుంటే ఆ టెంప్లేట్ అసలు విలువ తెలుస్తుంది. ఫోనులో తీసిన ఫొటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీల బరువు ఉంటుంది కాబట్టి, వెడల్పు 1200 పిక్సెళ్ళకు కుదించి 200 కేబీ దాటకుండా ఎక్కించమనండి.

ఆర్డర్లు ఫోనులోనే తీసుకుంటున్నారు కనుక బుట్ట, చెల్లింపు పేజీలు ఉన్న దుకాణం టెంప్లేట్ మీకు ఇప్పుడే అవసరం లేదు. సైట్లు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో అయితే దానితో పాటే ఉచితంగా వచ్చే ట్వంటీ ట్వంటీ-ఫైవ్ గాని, తేలికైనవిగా పేరున్న జెనరేట్‌ప్రెస్, ఆస్ట్రా, కేడెన్స్‌ల ఉచిత రూపాలు గాని సరిపోతాయి. ఖరీదైన టెంప్లేట్‌కు పెట్టే డబ్బును మంచి ఫొటోలకు ఖర్చుపెట్టండి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతానికే చెందిన ప్రత్యేక సరుకు అన్న అధికారిక గుర్తింపు) వచ్చింది. ఆ మాటను మొదటి తెరలోనే, ఫొటోలో కలిపి కాకుండా విడిగా అక్షరాలలో రాయించండి. గుర్తింపు చిహ్నాన్ని మాత్రం, అధీకృత వినియోగదారుగా మీ పేరు నమోదై ఉంటేనే వాడండి.

ప్రశ్న: డబ్బు పెట్టి కొనవలసిన ఒక వర్డ్‌ప్రెస్ థీమ్‌ను మా స్నేహితుడు ఏదో సైటు నుంచి ఉచితంగా దించి ఇచ్చాడు. పని బాగానే చేస్తోంది. వాడవచ్చా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: వాడకూడదు, ఈ రోజే తీసేయండి. తాళం విరగ్గొట్టి పంచే ఇలాంటి థీమ్‌లను ‘నల్డ్’ థీమ్‌లు అంటారు. ఎవరో కష్టపడి చేసినదానికి వారి సొమ్ము ఎగ్గొట్టడం తప్పు అన్నది ఒక సంగతి. అంతకన్నా మీకు వెంటనే నష్టం కలిగించే సంగతి, ఆ తాళం విరగ్గొట్టినవారు ఊరికే పంచిపెట్టడానికి కారణం ఏమిటన్నది. డబ్ల్యూపీ-వీసీడీ అనే హానికర కోడు ప్రపంచమంతటా వర్డ్‌ప్రెస్ సైట్లలోకి పాకింది ముఖ్యంగా ఇలాంటి థీమ్‌లు, ప్లగిన్ల (సైటుకు అదనపు సదుపాయాలు చేర్చే చిన్న ప్రోగ్రాముల) ద్వారానే. అది సైటులోకి దొంగదారి తెరుస్తుంది, అదే హోస్టింగ్ ఖాతాలో (సైటును ఉంచడానికి తీసుకున్న చోటులో) ఉన్న మిగతా సైట్లకూ పాకుతుంది, యజమానికి తెలియకుండా ప్రకటనలు చొప్పిస్తుంది. పైకి పని బాగా చేస్తున్నట్లు కనిపించడమే దాని లక్షణం. పైగా అసలు తయారీదారు విడుదల చేసే మరమ్మతులు ఈ థీమ్‌కు అందవు.

థీమ్‌ను తొలగించినంత మాత్రాన సరిపోదు. అది ఎక్కించడానికి ముందు తీసుకున్న బ్యాకప్ ఉంటే దానికి వెనక్కి వెళ్ళండి, లేకపోతే వర్డ్‌ప్రెస్‌ను కొత్తగా స్థాపించుకోండి, సంకేతపదాలన్నీ మార్చండి. ఇకముందు ఉచిత థీమ్ కావలసివచ్చినప్పుడు వర్డ్‌ప్రెస్ వారి సొంత థీమ్‌ల జాబితా నుంచే తీసుకోండి. అక్కడ చేర్చేముందు ప్రతిదాన్నీ పరిశీలిస్తారు. ఆఖరిసారి ఎప్పుడు సవరించారో, ఎన్ని సైట్లు వాడుతున్నాయో కూడా చూపిస్తారు. రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోని థీమ్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

బ్లాగర్ వాడేవారికీ ఇదే జాగ్రత్త చెబుతాను. బయట దొరికే ఉచిత టెంప్లేట్లు కొన్నింటిలో అడుగున తయారీదారు పేరు ఉంటుంది; దాన్ని తీసేస్తే మీ పాఠకులు నేరుగా వారి సైటుకు వెళ్ళిపోయేలా లోపల కోడు దాచిపెడతారు. పేరు ఉంచడం న్యాయమే, ఉంచండి. కానీ చదవడానికి వీల్లేకుండా మెలితిప్పిన కోడు ఉన్న టెంప్లేట్‌ను మీ ఇంటికి కాపలా పెట్టుకోకండి.

ప్రశ్న: మా ఊరి తెలుగు సంఘానికి సైటు తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు ఆంగ్లంలో చదువుతారు, ఇండియా నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవారు తెలుగులోనే చదువుతారు. ఇద్దరికీ పనికివచ్చే టెంప్లేట్‌లో ఏమేమి ఉండాలి?
– ఒక కార్యవర్గ సభ్యుడు, మెల్‌బోర్న్

జవాబు: పెద్దవారిని దృష్టిలో పెట్టుకుని ఎంచుకోండి, వారికి అనువైనది పిల్లలకూ అనువుగానే ఉంటుంది. తిరగేస్తే కుదరదు. ఈ మధ్య టెంప్లేట్లలో తెలుపు నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు వేయడం ఫ్యాషన్ అయింది. శుక్లాల ఆపరేషను అయిన కళ్ళకు అది కనిపించదు. అక్షరం రంగుకూ నేపథ్యానికీ మధ్య కాంతి భేదం కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ సౌలభ్య ప్రమాణాలు చెబుతున్నాయి. దీన్ని కొలిచే ఉచిత సాధనాలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి, రెండు రంగుల సంకేతాలు ఇస్తే చాలు. అక్షరాలను రెట్టింపు చేసినా పేజీ చెదరకూడదన్నది అవే ప్రమాణాలలో మరొకటి. బ్రౌజరులో 200 శాతానికి పెంచి, మెనూ అక్షరాల మీదికి ఎక్కిందేమో చూడండి. వర్డ్‌ప్రెస్ జాబితాలో, సౌలభ్య నిబంధనలకు తగినట్లు పరీక్షించిన థీమ్‌లను విడిగా వడకట్టి చూసుకునే సదుపాయం ఉంది.

రెండు భాషల సైటులో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మెనూ. ఆంగ్లంలో నాలుగైదు చిన్న మాటలతో వరుసలో ఒదిగే మెనూ, ‘మా కార్యవర్గం’, ‘సాంస్కృతిక కార్యక్రమాలు’, ‘సంప్రదించండి’ అని రాయగానే రెండు వరుసలై కింది బొమ్మ మీద పడుతుంది. ఇలాగే, మొదటి పేజీలో వ్యాసాల తొలి భాగాలను చూపించేటప్పుడు వర్డ్‌ప్రెస్ సాధారణంగా 55 మాటలు తీసుకుంటుంది. విభక్తులూ ప్రత్యయాలూ కలిసిపోయే మన మాటలు పొడవైనవి కాబట్టి తెలుగు 55 మాటలు ఆంగ్లం కన్నా ఎంతో ఎక్కువ చోటు తీసుకుంటాయి. పక్కపక్కన పెట్టిన రెండు పెట్టెలలో ఒకటి పొట్టిగా, మరొకటి పొడుగ్గా తయారవుతుంది. ఈ సంఖ్యను మార్చుకునే వీలు ఉందో లేదో అడగండి.

ఫాంట్ల విషయంలో, తెలుగుకు వేరే ఫాంటును, వేరే పరిమాణాన్ని పెట్టుకోగల థీమ్ కావాలి. అదే కొలతలో తెలుగు ఒకింత చిన్నగా, ఒత్తుగా కనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి ఫాంట్లను ఎక్కించుకునే ఏర్పాటు అందులోనే ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న మొదలైనవి ఎన్నో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర శీర్షికలకు నిండుగా ఉంటుంది, వ్యాసానికి మాత్రం పనికిరాదు. మండలి చదవడానికి బాగుంటుంది కానీ ఒకే మందంలో ఉంది. బోల్డ్ చేస్తే బ్రౌజరు కృత్రిమంగా లావు చేయడంతో అక్షరాల లోపలి సందులు పూడుకుపోతాయి. బోల్డ్ తరచుగా వాడేవారికి నోటో సాన్స్ తెలుగు గాని, అనేక్ తెలుగు గాని మేలు, వాటిలో పలు మందాలు విడిగా గీసి ఉన్నాయి.

పైకి కనిపించనిది మరొకటి ఉంది. పేజీ ఏ భాషలో ఉందో లోపలి కోడులో చెప్పాలి. చూపు లేనివారు, చూపు మందగించినవారు వాడే తెర చదివే సాధనాలు ఆ గుర్తును బట్టే గొంతును ఎంచుకుంటాయి. తెలుగు పేజీకి ఆంగ్లమని గుర్తు పెట్టి ఉంటే ఆ సాధనం తప్పు గొంతుతో తడబడవచ్చు, కొన్నిసార్లు తెలుగును పూర్తిగా దాటేయవచ్చు కూడా. పాలీలాంగ్ వంటి ప్లగిన్‌తో ఒక్కో భాషకు ఒక్కో పేజీ పెడితే ఈ గుర్తు సరిగ్గా పడుతుంది. ఒకే పేజీలో ఒక పేరా తెలుగు, ఒక పేరా ఆంగ్లం కలిపి పెట్టడం నాకు నచ్చదు. ఇద్దరికీ సగం పేజీ దాటవేయవలసిన పని పెడుతుంది.

ప్రశ్న: ఎనిమిదేళ్ళుగా బ్లాగర్‌లో వంటల బ్లాగు రాస్తున్నాను. పాత టెంప్లేట్ మార్చాలని ఉంది కానీ మూడు వందల టపాలు (బ్లాగులో రాసినవి), వాటి కింది వ్యాఖ్యలు పోతాయేమోనని భయం.
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: టపాలు, వ్యాఖ్యలు టెంప్లేట్‌లో ఉండవు, వేరే చోట ఉంటాయి. కాబట్టి టెంప్లేట్ మారిస్తే అవి ఎక్కడికీ పోవు. పోగలిగినవి, ఎనిమిదేళ్ళలో మీరు టెంప్లేట్ లోపల చేర్చుకున్న కోడు, పక్కన పెట్టుకున్న గాడ్జెట్లు (గడియారం, సందర్శకుల లెక్క వంటి చిన్న పెట్టెలు). అందుకే ముందుగా థీమ్ పేజీలో బ్యాకప్ తీసుకుని ఆ ఫైలు దాచుకోండి. నచ్చకపోతే అదే ఫైలుతో పాత రూపానికి తిరిగి రావచ్చు. గాడ్జెట్ల లోపలి కోడును ఒక నోట్‌ప్యాడ్‌లో విడిగా కాపీ చేసుకోండి. సెట్టింగులలో టపాలకూ వ్యాఖ్యలకూ వేరుగా మరో బ్యాకప్ ఉంది, పనిలో పనిగా అదీ తీసుకోండి. గడియారం, సందర్శకుల లెక్క, రాలే పూలు వంటివి కొత్త టెంప్లేట్‌లోకి తీసుకువెళ్ళకండి. ఫోనులో వంట చూస్తూ పొయ్యి దగ్గర నిలబడినవారికి అవి అడ్డమే.

మీరు ఎదుర్కోబోయే అసలు ఇబ్బంది మరొకటి. పాత టపాలలో వర్డ్ నుంచి కాపీ చేసి అతికించినవి ఉంటే, వాటి అక్షరాల రంగు, పరిమాణం టపాలోనే అంటుకుని ఉంటాయి. టెంప్లేట్ మారినా అవి మారవు. ముదురు రంగు నేపథ్యం ఉన్న టెంప్లేట్ పెడితే ఆ టపాలలో నల్లటి నేపథ్యం మీద నల్లటి అక్షరాలు వస్తాయి. మూడు వందల టపాలను ఒక్కొక్కటిగా దిద్దే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, తెల్లటి నేపథ్యం ఉన్న టెంప్లేట్‌నే తీసుకోండి. పాత ఫొటోల వెడల్పు కూడా ఇలాగే టపాలో బిగిసి ఉండవచ్చు. టెంప్లేట్‌లో ఫొటోలు పేజీ వెడల్పును దాటకుండా కట్టడి చేసే ఏర్పాటు ఉందో లేదో చూడండి.

కొత్తది పెట్టిన రోజున మొదటి పేజీ చూసి ఊరుకోకండి. అన్నిటికన్నా పాత టపా ఒకటి, కొలతలు పట్టికగా రాసినది ఒకటి, ఎక్కువ వ్యాఖ్యలు వచ్చినది ఒకటి తెరవండి. పట్టిక ఫోనులో తెర దాటి పక్కకు పోతే, కప్పు పిండికి ఎన్ని నీళ్ళు పోయాలో రాసిన గడి కనిపించకుండా పోతుంది. అలా జరిగితే ఆ టెంప్లేట్ తీసేసి, దాచుకున్న ఫైలుతో వెనక్కి వచ్చి, మరొకటి ప్రయత్నించండి.